బూస్టర్ తీసేస్తే బ్రేకు బాగవుతుందా? పాత కారున్న మన కోలారు ఇళ్ళకు ఒక మాట

కేజీఎఫ్‌లోనూ, ముళబాగిలు, బంగారపేట, శ్రీనివాసపురం వైపు ఊళ్ళలోనూ మన తెలుగు ఇళ్ళ వాకిళ్ళలో ఇంకా పాత కార్లు కనబడతాయి. తాత కొన్న అంబాసిడర్, నాన్న కొన్న పద్మిని, మామ మోజుపడి తెచ్చుకున్న కాంటెస్సా. రోజూ తీయకపోయినా పెళ్ళికీ, తిరుమల మొక్కుకీ బయటికి తీస్తాం. అందుకే ఇంజను సంగతి ఎలా ఉన్నా, వాటి బ్రేకుల సంగతి మాత్రం మనం తెలుసుకుని తీరాలి.

మా ఇంటి అంబాసిడర్ మాకు ఈ పాఠం మొగిలి ఘాట్‌లో చెప్పింది. కేజీఎఫ్ నుంచి బేతమంగళం, వి.కోట, పలమనేరు మీదుగా తిరుమలకు పోతున్నాం. మన కోలారు పీఠభూమి సముద్ర మట్టానికి 800 మీటర్ల పైన ఉంది. చిత్తూరు 300 మీటర్ల చిల్లర. ఈ తేడాలో పెద్ద భాగం పలమనేరు దాటాక ఘాట్‌లోనే దిగాలి. స్టీరింగు దగ్గరున్న బాబాయి, పాతకాలపు అలవాటు కొద్దీ, దిగుడేగదా అని ఇంజను ఆపేశాడు. మొదటిసారి తొక్కితే బ్రేకు పడింది. రెండోసారి కొంచెం బిగిసింది. మూడోసారి పెడల్ రాయైపోయింది. రెండు కాళ్ళతో తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎలాగో పక్కకు తీసి ఆపాడు. అందరం క్షేమమే. వెనక కూర్చున్న నాయనమ్మ మాత్రం తిరుమల చేరేదాకా నోరు విప్పలేదు.

ఇంటికొచ్చాక కారును షెడ్డుకు పంపితే వచ్చిన సలహా ఇది: "ఈ బూస్టర్‌తోనే తంటా. పీకేసి మాన్యువల్ చేసేద్దాం." కోలారు జిల్లాలో పాత కారున్న చాలామందికి ఈ సలహా ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. బూస్టర్ దొరకదు, దొరికితే ఖరీదు, దాన్ని విప్పి బాగుచేసేవాళ్ళు తక్కువ. పీకేయడం తేలిక. కానీ పీకేస్తే మిగిలేది మాన్యువల్ బ్రేకు కాదు, సగం బ్రేకు. ఎందుకో చూద్దాం.

బూస్టర్ చేసే పని

మన కాలు పెడల్‌ను తొక్కితే, పెడల్ ఒక కడ్డీని తోస్తుంది. ఆ కడ్డీ మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. బ్రేక్ ఆయిల్ ఆ ఒత్తిడిని గొట్టాల గుండా నాలుగు చక్రాలకూ మోసుకుపోతుంది. అక్కడి సిలిండర్లు షూలను డ్రమ్ముకు అదుముతాయి. డిస్క్ ఉంటే ప్యాడ్లను డిస్కుకు అదుముతాయి. ఇది హైడ్రాలిక్ బ్రేకు. కార్లలోకి ఇది 1920లలో వచ్చింది.

పెడల్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య కూర్చునే గుండ్రటి రేకు డబ్బాయే బూస్టర్. ఇంజను గాలి పీల్చుకునే దారి నుంచి ఒక గొట్టం దీనికి వస్తుంది. డబ్బాలో ఒక రబ్బరు పొర ఉంటుంది. మామూలుగా పొరకు రెండు వైపులా గాలి పలచగానే ఉంటుంది. పెడల్ తొక్కగానే వెనక వైపుకు బయటి గాలి లోపలికి వస్తుంది. ముందు వైపు పలచన, వెనక వైపు నిండు గాలి. ఆ తేడా పొరను ముందుకు తోస్తుంది. అంటే మన కాలికి గాలి తోడై ఇంకో చెయ్యి వేస్తుంది. బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ దెవాండ్ర్ 1927లో రూపొందించిన పద్ధతి ఇది. బాష్ కంపెనీ దాన్ని వ్యాప్తిలోకి తెచ్చింది.

ఇంజను ఆగితే ఈ పలచన గాలి పుట్టదు. గొట్టంలో ఉండే ఒక చిన్న వాల్వు అప్పటికే డబ్బాలో ఉన్నదాన్ని పట్టి ఉంచుతుంది. అది రెండు మూడు తొక్కులకు సరిపోతుంది. మా బాబాయికి మొగిలి ఘాట్‌లో దొరికినవి ఆ రెండు తొక్కులే. ఆయిల్ ఉంది, షూలు ఉన్నాయి, తోడుపట్టే చెయ్యి మాత్రం పోయింది.

గనుల ఊరివాళ్ళకు ఇక్కడ ఒక పోలిక బాగా పడుతుంది. గని లోపలికి మనుషులను దించే పంజరం తాడును చుట్టే వైండర్ ఉంటుంది కదా, దాని బ్రేకు తీరు వేరు. అక్కడ బ్రేకును అదిమి పట్టేది బరువో స్ప్రింగో. దాన్ని ఎత్తి వదిలించడానికే శక్తి కావాలి. శక్తి పోతే బ్రేకు తనంతట తానే పడుతుంది. పెద్ద లారీల పార్కింగ్ బ్రేకూ అంతే, గాలి పోతే బిగుసుకుంటుంది. కారు బూస్టర్ దీనికి తలకిందులు. శక్తి పోతే సాయం పోతుంది. ఈ తేడా తెలియకుండా ఘాట్‌లో ఇంజను ఆపకూడదు.

పీకేస్తే ఏమవుతుంది? ఒక లెక్క

కొలతలు కారుకూ కారుకూ మారతాయి. విషయం అర్థం కావడానికి మామూలుగా కనిపించే కొలతలతో లెక్క వేద్దాం.

పెడల్ ఒక పలుగు లాంటిది. బండను లేపేటప్పుడు పలుగును ఎంత చివర పట్టుకుంటే అంత తేలిక. పెడల్ పైన వేలాడే కీలు నుంచి కాలు పెట్టే చోటుకు ఉన్న దూరాన్ని, అదే కీలు నుంచి కడ్డీ తగిలించిన పిన్నుకు ఉన్న దూరంతో భాగిస్తే వచ్చేది పెడల్ నిష్పత్తి. బూస్టర్ ఉన్న కార్లలో ఇది సుమారు 4 ఉంటుంది. బూస్టర్ లేని కార్లలో సుమారు 6. బూస్టర్ ఉన్నచోట మాస్టర్ సిలిండర్ కూడా లావుగా, 1 అంగుళం దాకా ఉంటుంది. లేనిచోట సన్నంగా, 7/8 అంగుళం దరిదాపుల్లో ఉంటుంది.

కాలు 30 కిలోల బలంతో తొక్కిందనుకుందాం. నిష్పత్తి 4 కాబట్టి కడ్డీ మీద 120 కిలోలు పడతాయి. 8 అంగుళాల బూస్టర్ దీనికి ఇంకో 185 కిలోల దాకా కలుపుతుంది. మొత్తం 305 కిలోలు. 1 అంగుళం సిలిండర్ విస్తీర్ణం 5.07 చదరపు సెంటీమీటర్లు. అంటే ఆయిల్‌లో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 60 కిలోలు.

ఇప్పుడు బూస్టర్ పీకేసి, మిగతావన్నీ అలాగే ఉంచి, కడ్డీని నేరుగా సిలిండర్‌కు తగిలించారనుకుందాం. అదే 30 కిలోల తొక్కుకు ఒత్తిడి 120ని 5.07తో భాగిస్తే వచ్చేది, 24 కిలోలు కూడా లేదు. ముందున్న బ్రేకులో ఐదింట రెండు వంతులు. మునుపటి బ్రేకు కావాలంటే 75 కిలోల బలంతో తొక్కాలి. ఒక మనిషి బరువంత. పెద్దవయసు వాళ్ళ వల్ల కాదు. ఆవు అడ్డొచ్చిన క్షణంలో ఎవరి వల్లా కాదు.

అదే పెడల్ నిష్పత్తిని 6 చేసి, సిలిండర్‌ను 7/8 అంగుళానికి మారిస్తే? 30 కిలోలు 180 అవుతాయి. సన్న సిలిండర్ విస్తీర్ణం 3.88. ఒత్తిడి 46 కిలోలు. కాలు 40 కిలోలు తొక్కితే 62. అంటే మునుపటి బ్రేకు కోసం కాలు మూడింట ఒక వంతు ఎక్కువ కష్టపడితే చాలు. మాన్యువల్ బ్రేకు అంటే ఇది. పెడల్, సిలిండర్, కడ్డీ మూడూ ఒకదానికొకటి సరిపోయేలా అమరిన వ్యవస్థ.

బలం పెరిగితే దూరం ఎక్కడో తగ్గాలి. పలుగుతో బండ జానెడు లేవాలంటే మన చెయ్యి బారెడు దిగాలి కదా. పై మార్పుతో పెడల్ దాదాపు రెట్టింపు దూరం నొక్కుకుపోతుంది. అందుకే షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు సరిగా బిగించకపోయినా, లైన్‌లో కొంచెం గాలి మిగిలినా, మాన్యువల్ బ్రేకులో పెడల్ నేలకు తగులుతుంది. బూస్టర్ కారులో ఇలాంటి లోపాలు కొంత మరుగున పడి ఉంటాయి. మాన్యువల్‌లో దాగవు.

ముందు అడగాల్సిన ప్రశ్న

షెడ్డుకు వెళ్ళే ముందు మనల్ని మనం ఒక్కటే ప్రశ్న అడుక్కోవాలి: ఈ కారు పుట్టినప్పుడు దీనికి బూస్టర్ ఉందా?

పాత అంబాసిడర్లు, పద్మినులు నాలుగు చక్రాలకూ డ్రమ్ములతో, బూస్టర్ లేకుండానే ఫ్యాక్టరీ దాటాయి. వాటి పెడల్, సిలిండర్, డ్రమ్ములు అన్నీ మనిషి కాలి బలాన్ని నమ్ముకుని కొలిచినవే. డ్రమ్ములో ఒక మేలు ఉంది. ముందు వైపు షూను తిరిగే డ్రమ్మే తనతో లాక్కుపోయి ఇంకా గట్టిగా అదుముకుంటుంది. అంటే బ్రేకు తనకు తాను కొంత సాయం చేసుకుంటుంది. ఇలాంటి కార్లకు తర్వాత ఎవరో బూస్టర్ తగిలించి ఉంటే, దాన్ని తీసి కారును పుట్టిన రూపానికి తేవడం న్యాయమైన పని. ఆ మోడల్ పెడల్, ఆ మోడల్ మాస్టర్ సిలిండర్ వెతికి తెచ్చుకోవాలి, అంతే.

ముందు చక్రాలకు డిస్కులూ, వాటికి బూస్టరూ ఫ్యాక్టరీలోనే పెట్టిన కార్ల సంగతి వేరు. కాంటెస్సా క్లాసిక్ లాంటివి అందులోకి వస్తాయి. డిస్కుకు డ్రమ్ములా తనను తాను లాక్కునే గుణం లేదు. దానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడి బూస్టర్ ఇస్తుందన్న లెక్కతోనే ఆ కారును గీశారు. అలాంటి కారును మాన్యువల్ చేయడం మా లెక్కలో తప్పు. బూస్టర్‌నే బాగుచేయించాలి, లేదా సరైనది దొరికేదాకా కారు ఇంట్లోనే ఉండాలి.

జబ్బు నిజంగా బూస్టర్‌దేనా?

చాలాసార్లు తప్పు బూస్టర్‌ది కాదు. ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. కారును చదును నేల మీద ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టండి.

ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి. గట్టిపడుతుంది. అలాగే తొక్కి పట్టుకుని ఇంజను స్టార్ట్ చేయండి. పెడల్ కాలి కింద కొంచెం దిగాలి. దిగితే బూస్టర్ పని చేస్తోంది. దిగకపోతే ముందు గొట్టం చూడండి. పగుళ్ళు ఉన్నాయా, క్లిప్పు వదులైందా, గొట్టంలోని వాల్వు ఒకవైపే గాలి వదులుతోందా? ఇవి చవకగా అయ్యే పనులు.

డీజిల్ ఇంజను వేసిన కారైతే ఇంకో సంగతి. డీజిల్ ఇంజను గాలి దారిలో పెట్రోలు ఇంజనులా పలచన పుట్టదు. అందుకని వేరే వాక్యూమ్ పంపు ఉంటుంది. చాలా వాటిలో ఆల్టర్నేటర్ వెనకే. ఆ పంపు అరిగితే కొత్త బూస్టర్ వేసినా పెడల్ రాయిలాగే ఉంటుంది. మా కారు జబ్బులో సగం ఇదేనని తర్వాత తేలింది.

తొక్కి పట్టుకున్నప్పుడు పెడల్ మెల్లగా నేలకు జారిపోతుంటే అది మాస్టర్ సిలిండర్ కప్పుల అరుగుదల. తొక్కినప్పుడల్లా బుస్సుమని శబ్దం ఆగకుండా వస్తుంటే లోపలి పొర చిరిగి ఉండవచ్చు. ఎక్కడా కారకుండానే బ్రేక్ ఆయిల్ తగ్గిపోతూ, పెట్రోలు కారు వెనక తెల్లపొగ వస్తుంటే, మాస్టర్ సిలిండర్ వెనక సీలు నుంచి ఆయిల్ బూస్టర్‌లోకీ, అక్కడి నుంచి ఇంజనులోకీ పోతోందేమో చూడాలి.

మార్చాలనే నిర్ణయించుకుంటే

మా అంబాసిడర్ పుట్టింది బూస్టర్ లేకుండానే. డీజిల్ ఇంజను వేసినప్పుడు దానితోపాటు బూస్టరూ లావు సిలిండరూ వచ్చి చేరాయి. అందుకని వెనక్కి తీసుకెళ్ళాం. ఆ పనిలో మెకానిక్ పక్కన నిలబడి చూసుకోవాల్సినవి ఇవి.

పెడల్‌ను ఆ మోడల్‌దే తెచ్చుకోండి. ఉన్న పెడల్‌కు కొత్త రంధ్రం వేసి, ముక్క అతికి వెల్డింగ్ కొట్టించవద్దు. కడ్డీ సిలిండర్‌లోకి తిన్నగా పోవాలి. వంకరగా తోస్తే పిస్టన్ ఒక పక్కకు అరుగుతుంది, ఇరుక్కుంటుంది కూడా.

మాస్టర్ సిలిండర్ పిస్టన్ వెనక ఉన్న గుంట చూడండి. బూస్టర్ కారు సిలిండర్లలో ఈ గుంట చాలావాటిలో లోతు తక్కువ. మాన్యువల్ వాటిలో కడ్డీ జారిపోకుండా లోతుగా ఉంటుంది. లోతు తక్కువ గుంటలో పెట్టిన కడ్డీ ఏ గతుకులోనో ఊడితే పెడల్ ఉత్త చేతిలా వేలాడుతుంది. పైకి కనిపించని ప్రమాదాల్లో ఇది మొదటిది.

ముందు చక్రాలకు ఒక లైను, వెనక చక్రాలకు ఒక లైను ఇచ్చే జంట సిలిండర్ ఉన్న కారుకు ఒంటి సిలిండర్ వేయనివ్వకండి. జంటలో ఒక లైను తెగినా రెండోది ఆపుతుంది. ఒంటిదానికి ఆ భాగ్యం లేదు.

కడ్డీకీ పిస్టన్‌కూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ఆట లేకుండా బిగిస్తే కాలు తీసినా ఆయిల్ వెనక్కి రాదు. షూలు డ్రమ్మును రాసుకుంటూనే ఉంటాయి. పది కిలోమీటర్లు పోగానే చక్రాలు కాలిపోతాయి.

ఇంజను వైపు గొట్టం తీసిన రంధ్రాన్ని గట్టిగా మూయించండి. లేకపోతే పెట్రోలు ఇంజను అక్కడి నుంచి గాలి పీల్చి ఆగి ఆగి నడుస్తుంది.

షూల సందు సరిచేశాక, అన్నిటికన్నా దూరపు చక్రం నుంచి మొదలుపెట్టి గాలి తీయించాలి. కారు కోరిన బ్రేక్ ఆయిలే పోయాలి. ఇంజను ఆయిల్ చుక్క పడినా లోపలి రబ్బరు కప్పులు ఉబ్బుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. మరిగిన ఆయిల్‌లో బుడగలు పుడతాయి, పెడల్ మెత్తబడి కిందికి పోతుంది. సీసా మూత తీసి నెలల తరబడి ఉంచిన ఆయిల్ వద్దు. రెండేళ్ళకోసారి మొత్తం మార్పించండి.

చివరగా, ఖాళీ మైదానంలో నడకవేగంతో మొదలుపెట్టి 20, 30 కిలోమీటర్ల వేగంలో ఆపి చూడండి. కారు పక్కకు లాగకూడదు. హ్యాండ్ బ్రేకు ఒక్కటే వాలులో కారును పట్టి ఉంచాలి. ఇంట్లో ఎవరెవరు ఆ కారు నడుపుతారో అందరూ తొక్కి చూడాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నిజం చెప్పాలి. మా బాబాయి తొక్కి చూసి, తాళంచెవి కొడుకు చేతిలో పెట్టాడు. ఆ మాట చెప్పడానికి కూడా ధైర్యం కావాలి.

కాగితాల సంగతి

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. కారును పుట్టిన రూపానికి తేవడం వేరు, కొత్త రూపం ఇవ్వడం వేరు. అయినా పనికి ముందే కేజీఎఫ్ లేదా కోలారు ఆర్‌టీఓ ఆఫీసులోనూ, బీమా కంపెనీలోనూ అడిగి, బిల్లులు దాచుకోవడం మంచిది. పదిహేనేళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించే తనిఖీలో బ్రేకులు కూడా చూస్తారు.

యాభై ఏళ్ళు దాటిన కార్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది. చాసిస్, బాడీ, ఇంజను మొదటి రూపంలోనే ఉండాలి. అయితే ఆ కారును రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. తిరుమల మొక్కు తీర్చుకోవాలనుకునే ఇళ్ళు ఈ షరతు గమనించాలి.

ఘాట్ దిగేటప్పుడు

బూస్టర్ ఉన్నా లేకపోయినా ఘాట్‌లో ఇంజను ఆపవద్దు, న్యూట్రల్‌లో దించవద్దు. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు వేయాలని పాత డ్రైవర్లు చెప్పే మాట ఇప్పటికీ సరైనదే. గేరులో దిగితే ఇంజనే కారును వెనక్కి పట్టుకుంటుంది. పెట్రోలు కారులో యాక్సిలరేటర్ వదిలి గేరులో దిగేటప్పుడే బూస్టర్‌కు ఎక్కువ బలం అందుతుంది కూడా. బ్రేకు మీద కాలు వేసి ఉంచకుండా, గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేయండి. డ్రమ్ములకు చల్లారే వ్యవధి దొరుకుతుంది. కాలుతున్న వాసన వస్తే పక్కకు ఆపి అరగంట ఆగండి, కాలిన డ్రమ్ము మీద నీళ్ళు మాత్రం పోయవద్దు. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డులో మలుపులన్నీ ఈ క్రమశిక్షణనే అడుగుతాయి.

మా అంబాసిడర్ ఇప్పుడు మళ్ళీ తాత నడిపిన రోజుల్లో ఉన్నట్టే ఉంది. పెడల్ కొంచెం బరువు, కానీ ఏ తొక్కుకు ఎంత ఆగుతుందో కాలికి తెలుస్తుంది. మామ కాంటెస్సాకు అదే షెడ్డులో అదే సలహా వచ్చింది. మేం వద్దన్నాం. దాని బూస్టర్‌ను బెంగళూరుకు పంపి బాగుచేయించారు. ఒకే ఇంటి చుట్టాల రెండు కార్లకు రెండు మందులు. ఆ తర్వాతి ఏడు అంబాసిడర్‌లోనే మళ్ళీ మొగిలి ఘాట్ దిగాం, రెండో గేరులో, ఇంజను నడుస్తుండగా. ఈసారి నాయనమ్మ దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది.